తొంభై ఒక్కసారి మోగిన గంట

ముందే చెప్తున్నా, మధ్యలో ఎవరైనా నవ్వారంటే ఈ టీ కప్పు ఇక్కడే పెట్టేసి లేచి వెళ్లిపోతా. బతికున్న మనిషిని నేను చంపేశానని ఊరు ఊరంతా అంటోంది! నేనా? చంపడమా? గంట తాడు లాగింది నలభై ఆరు మంది. అందులో నేను లేనే లేను. నేను ఫొటోలు తీశానంతే. మొత్తం వినండి, విని మీరే చెప్పండి తప్పెవరిదో.

ఈ సమ్మర్‌లో జాబ్ కోసం నేను పడ్డ తిప్పలు మీకు తెలుసుగా. ఇక్కడ సార్నియాలో కాఫీ షాపులో ఒక్క పోస్టు పడితే మన కాలేజీ సగం రెజ్యూమెలు పట్టుకుని లైన్లో నిలబడింది. నా ముందున్న అబ్బాయి ఎంటెక్. వెనకున్న అమ్మాయి డెంటిస్టు. మేనేజర్ నా రెజ్యూమె తీసుకుని, కనీసం పేరైనా చూడకుండా ఒక అట్టపెట్టెలో పడేశాడు. ఆ పెట్టెకి అప్పటికే మూత పడటం లేదు.

అలాంటి టైమ్‌లో ఆన్‌లైన్‌లో ఒక యాడ్ కనిపించింది. ఇక్కడికి రెండు గంటల దూరంలో చిన్న ఊరు. ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చినవాళ్లు అడవి కొట్టి కట్టుకున్నారట. అక్కడి హెరిటేజ్ సొసైటీకి సమ్మర్ గైడ్ కావాలి. ఊళ్లో ఉన్న పాత చర్చిలు, రాతి పిండిమిల్లు, గడియారం టవరు, జర్మన్‌లో చెక్కిన సమాధులు, ఇవన్నీ టూరిస్టులకి తిప్పి చూపించాలి. వెంటనే అప్లై చేశా.

వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేసింది హిల్డా గారు. సొసైటీ ప్రెసిడెంట్. డెబ్బై దాటాయి, కానీ స్కేలు మింగినట్టు నిటారుగా కూర్చుంటారు. "మా ఊళ్లో ముఖ్యమైనది లూథరన్ చర్చి. నువ్వు లూథరన్లంటే ఎప్పుడైనా విన్నావా?" అని చాలా జాలిగా అడిగారు.

నాకు ఒళ్లు మండింది. "వినడమేంటండీ! నేను పుట్టిందే లూథరన్ ఇంట్లో. నా పేరు కెజియా. మాది గుంటూరు."

"ఇండియాలో లూథరన్లా?" ఆవిడ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"మీ ఊరు మొత్తంలో ఉన్న లూథరన్ల కంటే మా వీధిలో ఎక్కువ ఉంటారండీ."

జాబ్ వచ్చేసింది.

మొదటిరోజే హిల్డా గారు నా చేతిలో ఒక రూల్స్ పుస్తకం పెట్టారు. పద్నాలుగు పేజీలు! పాస్టర్ ప్రసంగించే పల్పిట్ ఎక్కకూడదు. రంగు అద్దాల కిటికీల మీద వేళ్లు పెట్టకూడదు. మిల్లులో తిరగలి రాయి మీద కూర్చోకూడదు. సమాధుల తోటలో చూయింగ్ గమ్ నమలకూడదు. చూయింగ్ గమ్! దానికి ఒక పేరా రాశారు. మరి గంట గురించి? ఒక్క ముక్క లేదు. ఇప్పటికీ ఆ పుస్తకం నా బ్యాగులోనే ఉంది, కావాలంటే చూసుకోండి.

ఉండటానికి రూమ్ కూడా ఆవిడే చూపించారు. ఓటో గారని పెద్దాయన, తొంభై ఒక్క ఏళ్లు. ఒక్కరే ఉంటారు, మేడ మీద గది ఖాళీగా ఉంది. ఒకప్పుడు వడ్రంగి. ఊళ్లో సగం తలుపులు ఆయన చేసినవే. ఎంత మంచాయనంటే, తోటలో బీన్స్ కాస్తే నా మెట్ల మీద గిన్నెలో పెట్టి వెళ్లేవారు. నా కిటికీ సరిగా మూసుకోవడం లేదని నేను అడక్కుండానే నిచ్చెనేసుకుని వచ్చారు, ఆ వయసులో! ఒకటే సమస్య. ఆయన మాట. వేడి ఉప్మా నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది. పైగా మధ్యలో జర్మన్. నాకు పది మాటల్లో ఒకటి అర్థమైతే గొప్ప. మాటిమాటికీ "సారీ?" అని అడగాలంటే నాకే సిగ్గేసి, ఏం చెప్పినా "వెరీ నైస్" అనేదాన్ని. ఒకసారి ఏదో చెప్తూ కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు కూడా "వెరీ నైస్" అనేశా. తర్వాత తెలిసింది, వాళ్లావిడ పోయిన రోజు గురించట.

చెప్పాగా నవ్వొద్దని.

సరే, జాబ్ బాగానే నడుస్తోంది. నేనేమో ఫోన్‌లో అందరికీ గొప్పలు చెప్పుకున్నా. మా నాన్న ఫ్రెండ్ రత్నం అంకుల్ ఒషావాలో ఉంటారు, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ మనవాళ్లు కొందరు నెలకోసారి కలిసి ప్రార్థన పెట్టుకుంటారు. అంకుల్‌తో నేను, "అంకుల్, ఇక్కడ చర్చి చూడాలి మీరు, ఆ గంట జర్మనీ నుంచి ఓడలో వచ్చిందట, రేవు నుంచి ఎడ్లబండి మీద తెచ్చారట" అని ఊదరగొట్టేశా. ఆయన ఊరుకుంటారా? రెండు వారాల్లో బస్సు మాట్లాడేశారు. శనివారం పొద్దున పదింటికి ఆ చిన్న ఊరి నడిబొడ్డున నలభై ఐదు మంది తెలుగువాళ్లు దిగారు. ఆంటీలందరూ పట్టుచీరలు! టూర్‌కి పట్టుచీరలేంటంటే, "చర్చికి వెళ్తున్నాం కదమ్మా" అంది సుగుణ ఆంటీ. సుగుణ ఆంటీ అంటే ఆ ప్రార్థన గ్రూపుకి పెద్ద దిక్కు. ఆవిడ కళ్లు మూసి ప్రార్థన మొదలుపెట్టిందంటే పిల్లలు నిలబడే నిద్రపోతారు.

మిల్లు చూపించా. టవర్ చూపించా. ఆడంబరాలు గిట్టని మెనొనైట్ వాళ్ల ప్రార్థన మందిరం చూపించా, సున్నం గోడలు తప్ప ఏమీ ఉండదు, "పాపం, ఇంకా కట్టడం అయిపోలేదా?" అన్నారు ఒక అంకుల్. చివరికి లూథరన్ రాతి చర్చి. తలుపు తెరవగానే ఎడమవైపు పైనుంచి వేలాడుతూ ఇంత లావు తాడు.

రత్నం అంకుల్ దాన్ని చూసి ఆగిపోయారు. "కెజియా, చిన్నప్పుడు మా ఊరి చర్చిలో గంట నేనే కొట్టేవాణ్ణి తెలుసా? అరవై ఏళ్లయిందమ్మా తాడు పట్టుకుని. ఒక్కసారి లాగనా? ఇదిగో నా ఫోన్, ఒక ఫొటో తియ్యి."

నేను రూల్స్ అన్నీ మనసులో తిరగేశా. పల్పిట్, కిటికీ, తిరగలి, చూయింగ్ గమ్. గంట లేదు. "లాగండి అంకుల్" అన్నా.

అదీ నేను చేసిన నేరం!

డాంమ్... అని మోగింది. అబ్బ, ఏం మోత! గుండెల్లోకి దిగింది. అంకుల్ కళ్లలో నీళ్లు. ఇంక అంతే. "నేనూ ఒకటి", "నేనూ ఒకటి" అని క్యూ కట్టేశారు. ప్రతివాళ్లకీ తాడు పట్టుకుని ఫొటో కావాలి. అంకుల్ కొత్త ఫోన్ నా చేతిలోనే ఉంది. ఒకళ్లు రావడం, కొంగు సర్దుకోవడం, నవ్వడం, లాగడం, డాంమ్. నేను క్లిక్. తర్వాతివాళ్లు. డాంమ్. క్లిక్. ఇలా నలభై ఐదు మంది, చాలా క్రమశిక్షణగా, తాపీగా, ఒక్కో దెబ్బకీ మధ్య బాగా గ్యాప్ ఇచ్చి.

అంతా అయ్యాక అంకుల్ ఫొటోలు చూసుకున్నారు. మొహం మాడిపోయింది. "ఇదేంటమ్మా?"

ప్రతి ఫొటోలోనూ ఎర్రగా, గుండ్రంగా ఏదో ఉంది. నా బొటనవేలు. ఆ ఫోన్‌కి వెనకాల అన్ని కెమెరాలు ఎవరు పెట్టమన్నారు? ఎక్కడ పట్టుకోవాలి మనిషి? నలభై ఐదు ఫొటోల్లో నలభై ఐదు నా వేలే.

"పర్లేదు, ఇంకో రౌండ్" అంది సుగుణ ఆంటీ.

ఇంకో నలభై ఐదు. ఈసారి ఫోన్ రెండు చేతుల్తో అంచులు పట్టుకుని తీశా. అందరూ బయటికి నడుస్తుంటే బస్సు డ్రైవర్ మొహమాటంగా నిలబడి, "నేను కూడా ఒకసారి...?" అన్నాడు. పొద్దున్నుంచీ పాపం అందరి బ్యాగులూ దింపాడు. "ఎందుకు లాగకూడదు? లాగండి" అన్నా. డాంమ్. ఆఖరిది.

తర్వాత పార్కులో దుప్పట్లు పరిచి భోజనాలు. పులిహోర, చికెన్ ఫ్రై, గారెలు. తింటుంటే చూశాం, రోడ్డు మీద జనం వెళ్తున్నారు. ఒకావిడ చేతిలో మూతపెట్టిన గాజు గిన్నె. ఇంకొకరి చేతిలో కేకు. ఒకాయన ఎండలో నల్ల కోటు. చూస్తుండగానే పదిమంది, ఇరవైమంది, అందరూ ఒకే వైపు. మమ్మల్ని చూసి తలలు వంచి వెళ్తున్నారు.

"మనకి వెల్కమ్ లంచ్ ఏమైనా పెట్టారేమో, మనం తొందరపడి తినేశామా?" అన్నారు రత్నం అంకుల్.

అంతలో ఫైర్ స్టేషన్ మీద జెండా సగానికి దిగింది. బేకరీలో పనిచేసే ఆవిడ అటు వెళ్తుంటే పరిగెత్తుకెళ్లి అడిగా, "ఎవరికేమైంది?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నీకింకా తెలీదా? ఓటో పోయాడు."

"ఓటో గారా? పొద్దున్నే చూశానండీ! బీన్స్ పాదులకి నీళ్లు పోస్తున్నారు!"

"అలాగే జరుగుతుంది, తల్లీ. హఠాత్తుగా."

నిజం చెప్తున్నా, అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చేశా. ఈ దేశం వచ్చాక నేను తిన్నానా లేదా అని రోజూ చూసిన మనిషి ఆయనొక్కరే. ముందురోజు మెట్ల మీద పెట్టిన గిన్నె ఇంకా తిరిగివ్వలేదు నేను. మనవాళ్లందరూ నా చుట్టూ చేరారు. సుగుణ ఆంటీ కళ్లు తుడుచుకుని లేచింది. "మన బిడ్డకి నీడ ఇచ్చిన మనిషి. చూసి, ప్రార్థన చేసి వెళ్దాం. ఆ పులిహోర గిన్నెలు కూడా పట్టండి, చావింట్లో పొయ్యి వెలగదు."

అలా పట్టుచీరల్లో, పాట అందుకుని, నలభై ఐదు మందీ ఊరి మధ్యలోంచి ఊరేగింపుగా వెళ్లాం. ఆ ఊరి చరిత్రలో అలాంటిది ఎవరూ చూసుండరు. ఓటో గారి ఇంటి ముందు జనం పక్కకి జరిగి దారిచ్చారు. కొందరు టోపీలు తీశారు. వంటింట్లో బల్ల మీద సగం ఊరి వంటలున్నాయి. మా పులిహోర మధ్యలో పెట్టాం. సుగుణ ఆంటీ కళ్లు మూసింది. దేవుడు చచ్చిపోయిన లాజరును లేపిన సంగతి దగ్గర మొదలుపెట్టి, ఈ వృద్ధుణ్ణి కూడా లేపమని తెలుగులో గట్టిగా ప్రార్థించింది. జర్మన్ వాళ్లు ఒక్క మాట అర్థం కాకపోయినా ఏడ్చారు.

ఆమెన్ అన్నాక హిల్డా గారు ముక్కు తుడుచుకుని పాస్టర్ గారిని అడిగారు, "ఇంతకీ ఆయన్ని ఎక్కడ ఉంచారు?"

"హాస్పిటల్లో అనుకుంటా. మీకు తెలుసుకదా?" అన్నారు పాస్టర్.

"నాకెలా తెలుస్తుంది? గంట కొట్టించింది మీరు కదా!"

"నేనా? నేను పక్క ఊళ్లో పెళ్లిలో ఉన్నాను. గంట మీరు కొట్టించారనుకున్నా."

"ఏ గంట?" అని మెల్లగా అడిగా.

హిల్డా గారు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. ఆ ఊళ్లో ఎవరైనా పోతే చర్చి గంట నిదానంగా, విడివిడిగా కొడతారట. మనిషికి ఎన్నేళ్లో అన్ని దెబ్బలు. ఊరు ఊరంతా పని ఆపి లెక్కపెడుతుందట. "ఈ పొద్దున తొంభై ఒకటి కొట్టింది. ఊళ్లో ఆ వయసు మనిషి ఒక్కడే. ఫోన్ చేస్తే ఎత్తలేదు."

నలభై ఐదు. నలభై ఐదు. ఒక డ్రైవర్.

నేను తలెత్తి రత్నం అంకుల్ వైపు చూశా. ఆయన అప్పటికే గోడకున్న ఫొటోల వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

నోరు తెరిచి ఏదో చెప్పబోయాను. అప్పుడే వెనక తలుపు చప్పుడైంది. నల్ల సూటు, తెల్ల చొక్కా, టై కట్టుకుని, చేతిలో టోపీతో ఓటో గారు లోపలికొచ్చారు.

ఒకావిడ చేతిలో బంగాళాదుంపల సలాడ్ గిన్నె భళ్లున నేల మీద పడింది. ఇంకెవరో జర్మన్‌లో అరిచారు. మన ఆంటీలు ఒక్క గొంతుతో "స్తోత్రం!" అన్నారు. సుగుణ ఆంటీ రెండు చేతులూ పైకెత్తి, "ఆమెన్ చెప్పి రెండు నిమిషాలు కాలేదు! రెండు నిమిషాలు!" అంటూ ఊగిపోయింది. ఆవిడ ఇప్పటికీ ఒషావాలో ఇదే సాక్ష్యం చెప్తోందట. అసలు విషయం ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు.

ఓటో గారు అందర్నీ ఒకసారి చూసి, "ఎవరు పోయారు?" అని అడిగారు.

అందరూ ఆయన్నే చూస్తున్నారు. మీరేనని ఎవరు చెప్తారు?

ఆయనే చెప్పుకొచ్చారు. అప్పుడు మాత్రం విచిత్రం, ప్రతి మాటా నాకు స్పష్టంగా అర్థమైంది. తోటలో ఉన్నప్పుడు గంట విన్నారట. లెక్కపెట్టారట. "ఎనభై దాటింది, అయ్యో అనుకున్నా. తొంభై అయ్యింది. ఇంకొకటి కొట్టింది. ఆగిపోయింది. అది నా లెక్క కదా అని కాసేపు కింద కూర్చుని, చేతులూ కాళ్లూ కదిలించి చూసుకున్నా." తర్వాత ఇంట్లోకెళ్లి సూటు వేసుకుని, పోయిందెవరో చూద్దామని చర్చికి వెళ్లారట. అక్కడ ఎవరూ లేరు. సమాధుల తోటకి వెళ్లి గొయ్యి తవ్వుతున్నారేమో చూశారట. అదీ లేదు. "ఊళ్లోనే ఎవరూ లేరు. అందరూ ఇక్కడున్నారా?"

ఇంక దాచేదేముంది? చెప్పేశా. తాడు, ఫొటోలు, బొటనవేలు, డ్రైవర్, అన్నీ. చెప్తూ చెప్తూ నాకే కోపం వచ్చింది. "పద్నాలుగు పేజీలు రాశారు, చూయింగ్ గమ్ గురించి రాశారు, గంట గురించి ఒక్క లైను రాయలేదు! నాకెలా తెలుస్తుంది? ఎవరు చెప్పారు నాకు?" అని హిల్డా గారి మీద గట్టిగానే అరిచా.

"నేను చెప్పాను" అన్నారు ఓటో గారు.

"ఎప్పుడు?"

"నువ్వొచ్చిన మొదటి వారం. వాకిట్లో కూర్చుని అరగంట చెప్పాను. మా ఆవిడ పోయినప్పుడు ఆ గంట నేనే కొట్టాను, ఎనభై రెండు దెబ్బలు. అది కూడా చెప్పాను." కాస్త ఆగి, "వెరీ నైస్ అన్నావు" అన్నారు.

ఆ వంటింట్లో భూమి చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది.

ఇంతలో బయట కారు వచ్చి ఆగింది. ఓటో గారి కూతురు. ఎవరో ఫోన్ చేసి చెప్పేశారు కదా, గంటన్నర దూరం నుంచి వచ్చింది. తండ్రిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత ఆయన్ని వాటేసుకుని చాలాసేపు వదల్లేదు. విషయం తెలిశాక నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "దారిలో కారు పక్కకి ఆపేశాను. పది నిమిషాలు స్టీరింగ్ పట్టుకోలేకపోయాను" అంది, అంతే. "నన్ను క్షమించండి" అన్నా. ఇంగ్లీషులో, తెలుగులో, ఎన్నిసార్లన్నానో గుర్తులేదు.

హిల్డా గారు నన్ను పక్కకి పిలిచారు. జాబ్ పోయిందని అర్థమైపోయింది. కానీ ఓటో గారు బల్ల దగ్గర కూర్చుని ప్లేటు నింపుకుంటున్నారు. పులిహోర రెండోసారి వేసుకున్నారు. "హిల్డా, ఆ అమ్మాయిని వదిలెయ్. నా చావుకి ఎవరెవరు వస్తారో, ఎవరు రారో చూసుకునే అదృష్టం ఎవరికుంటుంది? పక్కింటి కార్ల్ రాలేదు. గుర్తుపెట్టుకుంటా." తర్వాత పచ్చిమిరపకాయ కొరికి దగ్గారు. ఊరంతా ఒక్కసారిగా కంగారుపడి లేచింది.

నా శిక్ష ఏంటంటే, మర్నాడు ఆదివారం ఆరాధనలో అందరి ముందు నిలబడి క్షమాపణ చెప్పడం, ఆ తర్వాత ఆనందానికి కొట్టినట్టు వేగంగా, ఆపకుండా గంట మోగించడం. ఓటో గారు పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని నేర్పించారు. అరచేతులు బొబ్బలెక్కాయి.

ఇక్కడితో అయిపోతే నేను ఊరుకునేదాన్నే. అసలు కడుపు మండే విషయం ఇప్పుడు చెప్తా. ఆగస్టులో సొసైటీ వాళ్లు కొత్త బ్రోషర్ వేశారు. రాతి చర్చి పేజీలో కొత్తగా ఒక పేరా. "ఒకసారి ఒక టూరిస్టు ఇక్కడి ఆచారం తెలియక ఈ గంటను తొంభై ఒక్కసారి మోగించగా, ఊరివారంతా బతికున్న పెద్దాయనకు నివాళి అర్పించారు." టూరిస్టు! రెండు నెలలు ఎండలో ఆ ఊరి వీధులన్నీ కాళ్లరిగేలా తిరిగా, సమాధుల మీద జర్మన్ పేర్లు బట్టీ పట్టా, యూనిఫామ్ వేసుకున్నా. నేను టూరిస్టునా? గైడ్‌ని! రాస్తే సరిగ్గా రాయాలి కదా? ఎర్ర పెన్నుతో ఆ మాట కొట్టేసి, బ్రోషర్ పట్టుకుని ఆఫీసుకి బయల్దేరా, ఈరోజు హిల్డా గారితో అటో ఇటో తేల్చుకుందామని.

దారిలోనే టూర్ గ్రూపు వచ్చేసింది. సరే, ముందు పని అని చర్చికి తీసుకెళ్లా. ఆ పేరా పైకి చదవడం కూడా నా డ్యూటీయే. చదివా. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ అడిగాడు, "ఎవరమ్మా ఆ తెలివితక్కువ మనిషి?"

నేను బ్రోషర్ మడిచి జేబులో పెట్టుకున్నా.

"ఏమోనండీ, ఎవరో టూరిస్టట."